ఆముదం తాగిన గంట

నా చిన్నప్పుడు ఒక చోట కుదురుగా కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. అన్నం ముందు కూర్చున్నా ఒక మోకాలు ఆడుతూనే ఉండేది. బడిలో పంతులు నల్లబల్ల మీద లెక్క వేసేలోపు నేను కిటికీ ఊచలు, పైకప్పు దూలాలు, ముందు వరుసలో కూర్చున్న ఆడపిల్లల జడలు అన్నీ లెక్కపెట్టేసేదాన్ని. లెక్కపెట్టడం ఒక్కటే నన్ను కాసేపు నిలబెట్టేది. "దీని కాళ్ళల్ల చీమలున్నయ్" అనేది మా అవ్వ. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు తమంతట తామే ఆగిపోయాయి. లెక్కపెట్టే అలవాటు మాత్రం పోలేదు.

చెప్పబోయేది ఒక గురువారం సంగతి. నేను తేదీలు రాసి పెట్టుకోవడం మొదలుపెట్టింది ఉద్యోగంలో చేరాక. అందుకని దీనికి తేదీ ఇవ్వలేను. గురువారం అన్నది మాత్రం ఖాయం, ఎందుకంటే మందుబిళ్ళలు ఇచ్చే గోళీల సారు మా ఊరికి గురువారమే వచ్చేవాడు. నాకు అప్పటికి పదేళ్ళు నిండి నాలుగు నెలలు. ఆముదాలు కల్లాలకు చేరుతున్న కాలం. పొద్దున పూట చలికి పెదవులు పగిలేవి.

మా ఊరు దేవరకొండ వైపు. ఎర్ర చెలకలు, రాళ్ళ గుట్టలు, చెలకల నిండా ఆముదపు చెట్లు. మాకు గుంటెడు భూమి లేదు. అమ్మా బాపూ కూలికి పోయేవాళ్ళు. కోత అయిపోయిన చెలకల్లో రాలిన గింజలు పరిగె ఏరుకొచ్చి, వేయించి, దంచి, నీళ్ళలో మరిగించి అవ్వ ఆముదం వండేది. ఆ ఆముదంతోనే మా ఇంట్లో సమస్తం నడిచేది. తలకు అదే, దీపానికి అదే, పసిపిల్లల బొడ్డు చుట్టూ అదే, కడుపు నొస్తే తాగేదీ అదే. బండి ఇరుసు కీచుమన్నా తలుపు కీలు మూలిగినా ఊళ్ళో ఎవరైనా మొదట వెతికేది ఆముదం ఉండే చిన్న మట్టి గురిగినే. నేను చేసిన తప్పు అక్కడి నుంచే వచ్చింది.

గోళీల సారు ఒక మిషన్ దవాఖానలో పని చేసేవాడు. పద్నాలుగు మైళ్ళు సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవుల మీద నెరిసిన వెంట్రుకలతో ఉండేవాడు. ఆ సైకిల్ ఆయన కన్నా ముందు ఆ పని చేసిన వాళ్ళది. దాని గంట ఇంకా పాతది. నికెల్ పూత సగం లేచిపోయి కింద ఇత్తడి కనిపించే గుండ్రటి గిన్నె, పక్కన బొటనవేలితో నొక్కే మీట. నొక్కగానే ముసలివాళ్ళు గొంతు సవరించుకున్నట్టు ముందు గర్రుమని, ఆ తర్వాత ట్రింగుమని మోగేది. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో అలాంటి చప్పుడు చేసే గంట మరొకటి లేదు.

ఆయన ఇచ్చే గోళీలు పెద్దరోగానివి. కుష్టు అన్న అసలు పేరు మా ఊళ్ళో ఎవరూ పలికేవారు కాదు. పెద్దరోగం అనేవారు, అది కూడా గొంతు తగ్గించి. అంతకు ముందు ఏడాదే ఒకామెకు ఆ రోగం ఉందని బయటపడింది. మూడు రోజుల్లో ఆమె మంచం పశువుల కొట్టంలోకి మారింది. ఆమె ముంత వేరు, గిన్నె వేరు. బావి దగ్గరికి రానివ్వలేదు, కూలికి పిలవలేదు. ఆమె ఎదురుగా వస్తుంటే పిల్లలం పక్కకు ఉరికేవాళ్ళం. నేనూ ఉరికాను. రెండుసార్లు.

అందుకే సారు ఎవరి ఇంటికీ వెళ్ళేవాడు కాదు, ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఊరికి కొంచెం అవతల బాట కింద వాన నీళ్ళు పోవడానికి కట్టిన రాతి మోరీ ఒకటి ఉండేది. దాని గోడ మీద కూర్చునేవాడు. బాటకు రెండు వైపులా చూసి, మనిషి జాడ లేదని తేలాక, మూడుసార్లు గంట కొట్టేవాడు. అప్పుడు ఒకరు గడ్డికి పోతున్నట్టు, ఒకరు తప్పిపోయిన మేకను వెతుకుతున్నట్టు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి వారానికి సరిపడా గోళీలు తీసుకుని పోయేవాళ్ళు. గంట మోగిందంటే బాట ఖాళీగా ఉంది, రావచ్చు అని. గంట మోగకపోతే సారు కళ్ళెదుట కూర్చున్నా సరే, ఒక్కరూ రారు. అది వాళ్ళ మధ్య ఒప్పందం.

మా ఊళ్ళో అలా వచ్చేవాళ్ళు ఏడుగురు. అందులో మా అమ్మ ఒకతి. ఈ ముక్క ఇప్పుడే చెప్పేస్తున్నాను గానీ, ఆ గురువారం దాకా నాకు తెలియదు. అమ్మ ఎడమ మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. పొయ్యి కాడ కాలిందని చెప్పేది. అవ్వకు తెలియదు. బాపుకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో అమ్మకు తెలుసు. పశువుల కొట్టం మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతలే ఉంది.

ఇక నా తప్పు. దానికి ముందటి గురువారం సారు మా బడికి వచ్చాడు. అప్పుడప్పుడు అలా వచ్చి పిల్లల వీపులు, చేతులు చూసి పోయేవాడు. సైకిల్ బయట గోడకు ఆనించి ఉంది. నన్ను చూడటం అయిపోయింది, మిగతా పిల్లల వంతు వచ్చేదాకా కూర్చోవడం నా వల్ల కాలేదు. బయటికి వచ్చి గంట నొక్కాను. గర్రుమంది. పాపం, దీనికి ఎవరూ ఆముదం పట్టించలేదు అనుకున్నాను. ఇంటికి ఉరికి, అవ్వ తలంటుకునే గురిగి తెచ్చి, గిన్నె కింద సందులోంచి సగం గురిగి ఆముదం పోసేశాను. మళ్ళీ నొక్కితే గర్రు లేదు. మెత్తగా, తియ్యగా మోగింది. సారు నా వీపు చూసి "బాగున్నది, పో బిడ్డా" అన్నప్పుడు కలిగిన సంతోషానికి బదులుగా ఆయనకు నేనొక మేలు చేశాననుకున్నాను. అడగకుండా ముట్టినందుకు తిడతారని ఎవరికీ చెప్పలేదు.

ఆముదం చిక్కటిది. చలికి ఇంకా చిక్కబడుతుంది. దానికి వారం రోజుల ఎర్ర దుమ్ము తోడైతే ఏమవుతుందో ఆలోచించే బుద్ధి నాకు అప్పుడు లేదు.

ఆ గురువారం నేను బడికి పోలేదు. ఆముదాలు వలిచే రోజుల్లో మా వాడలో పిల్లలెవరూ పోయేవాళ్ళు కాదు. నేనూ అవ్వా వాకిట్లో కాయలు వలుస్తున్నాం. అమ్మ కొడవలి, గంప పట్టుకుని వాకిట్లోంచి గడప దాకా, గడపలోంచి వాకిట్లోకి తిరుగుతోంది. పొద్దు మరికొంచెం పైకి వస్తే ఆమె కల్లంలో ఉండాలి. ఆలస్యమైతే ఆ రోజు కూలికి నిలుపుకోరు. నేను లెక్కపెట్టాను. పదకొండుసార్లు తిరిగింది.

అవ్వకు విసుగొచ్చింది. "గడ్డికి పోత గడ్డికి పోత అని పొద్దువొడిచినప్పటిసంది అంటున్నవు. గడ్డే నీ కాడికి నడిచొస్తదా ఏంది?"

"పోతున్న అత్తా" అంది అమ్మ. పోలేదు. చెవి బాట వైపు పెట్టి నిలబడింది. అమ్మ అంత అశాంతిగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. నాలో ఉండే చీమలు ఆమె కాళ్ళలోకి వెళ్ళినట్టు అనిపించింది. నాకూ కూర్చోబుద్ధి కాలేదు. అవ్వ కన్నుగప్పి బాట మీదికి ఉరికాను.

మోరీ గోడ మీద గోళీల సారు ఒక్కడే ఉన్నాడు. సైకిల్ నిలబెట్టి మీట నొక్కుతున్నాడు. కిర్రుమని అర అంగుళం కదిలి, మీట అక్కడే ఆగిపోతోంది. వేలితో వెనక్కి లాగి మళ్ళీ నొక్కుతున్నాడు. చప్పుడు లేదు. చివరికి రుమాలు చుట్టి గిన్నెను తిప్పి విప్పాడు. లోపల అంతా ఎర్రటి బంక. వేలికి అంటించుకుని వాసన చూశాడు. తర్వాత తలెత్తి నూనె కారుతున్న నా తల వైపు చూశాడు.

"ఎవరు పోసిన్రు బిడ్డా?"

అబద్ధం చెప్పడానికి కూడా కుదురు కావాలి. నాకు అది లేదు. "నేనే సారూ. గరగర అంటాందని" అన్నాను.

"ఎంత పోసినవ్?"

"సగం గురిగి."

"ఒక్క చుక్క పట్టేదానికి సగం గురిగా! నా సైకిల్‌కు కడుపుల బాగలేదనుకున్నవా?" అని నవ్వాడు. నవ్వుతూనే జేబు గడియారం తీసి చూశాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. "తొమ్మిదిన్నరయింది. పదకొండింటికల్ల అవతలి ఊళ్ళె ఉండాలె నేను. జల్ది ఉరికి జరంత గ్యాస్‌నూనె పట్కరా. నువ్వు చెడగొట్టినవు, నువ్వే బాగు చెయ్యాలె."

ఉరికాను. మా దగ్గర కిరసనాయిలును గ్యాస్‌నూనె అనేవాళ్ళు. అది దొరకడం కష్టమైన రోజులు. ఎందుకని అమ్మ అడిగింది. సారు గంట మోగడం లేదనీ, నేనూ సారూ బాగు చేస్తున్నామనీ గొప్పగా చెప్పాను. అమ్మ గ్యాస్‌నూనె సీసా తెచ్చింది. నేను పట్టుకున్న చిప్ప నిండా పోసింది. "దీపానికుంచవానె!" అని అవ్వ కేక వేస్తున్నా వినలేదు. "జల్ది పో" అని నన్ను వీపు మీద తోసింది. ఎప్పుడూ "మెల్లగ పో" అనే మనిషి.

సారు లోపలి ముక్కలు ఒక్కొక్కటిగా విప్పి చిప్పలో వేశాడు. మీటకు ఒక పక్కన పళ్ళున్నాయి. ఆ పళ్ళు ఒక పెద్ద చక్రాన్ని, అది ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. చిన్న చక్రంతో పాటు ఒక రేకు గిర్రున తిరుగుతుంది. రేకుకు రెండు చివర్లా వదులుగా రెండు బిళ్ళలు. అవి ఎగిరి గిన్నెకు తగిలితేనే గంట మోగేది. నొక్కిన మీట వెనక్కి రావడానికి వెంట్రుక మందాన ఒక స్ప్రింగు. ఇంత చిన్న గిన్నె కింద ఇంత సంసారం ఉంటుందని నాకు తెలియదు.

తుమ్మ ముల్లు ఒకటి నా చేతిలో పెట్టి, పళ్ళ సందుల్లో బంక గీకమన్నాడు. నేను గబగబా గీకి ఇచ్చేశాను. ఎండకు పట్టి చూసి తిరిగి ఇచ్చాడు. "ఎన్ని పండ్లున్నయి దీనికి?" అన్నాడు. నేను చూడలేదు. "లెక్కవెట్టుకుంట గీకు. పంటికొక్కసారి. లెక్క తప్పితే మళ్ళ మొదటికెల్లి" అన్నాడు. ఆయనకు నా సంగతి ఎలా తెలిసిందో గానీ, ఆ మాటతో నా మోకాలు ఆగిపోయింది. మీటకు పదకొండు పళ్ళు. పెద్ద చక్రానికి ఇరవై ఆరు. చిన్న చక్రానికి తొమ్మిది, అందులో ఒకటి అరిగిపోయి సగమే ఉంది. ఆ గర్రు చప్పుడు ఆ సగం పంటిదట. ఆముదం దాన్ని బాగు చేసేది కాదట.

పని సగంలో ఉండగా జీవాలు తోలుకుంటూ మైకు మామ వచ్చాడు. ఆయన గొంతు చెరువు అవతలికి వినిపిస్తుంది, అందుకే పిల్లలం ఆ పేరు పెట్టాం. గొంగడి దులుపుకుని మోరీ గోడ మీద స్థిరపడ్డాడు.

"ఏం కోడలు పిల్లా, గంటకు తలంటు పోస్తున్నవా?" అన్నాడు నన్ను. తర్వాత సారు వైపు తిరిగి, "గీ తిప్పలెందుకు సారూ? ఎవరెవరు రావాల్నో పేర్లు జెప్పుండ్రి. ఈడికెల్లి ఒక్క కేకేస్త, ఊరు ఊరంత ఉరికొస్తది" అన్నాడు.

సారు పక్కన ఒక లావు పుస్తకం ఉంది. దాన్ని మెల్లగా తీసి తొడ కింద పెట్టుకున్నాడు. "పేర్లు నాకు యాదికుండయ్ మామా" అన్నాడు.

"గా బుక్కుల ఉండయా?"

"గీ బుక్కుల నంబర్లే ఉంటయ్."

"నంబర్లు పిలిస్తె మనుషులొస్తరా సారూ!" అని మామ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు నేను ఉలిక్కిపడ్డాను. నా చేతిలోని స్ప్రింగు ఎగిరి గడ్డిలో ఎక్కడో పడింది.

నేను మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. జానెడు జానెడు నేల గీతలు గీసుకుని వెతికాను. ముప్పై జానల దాకా లెక్క గుర్తుంది, తర్వాత కళ్ళల్లో నీళ్ళు అడ్డం వచ్చాయి. సారు కూడా వంగి వెతికాడు. మైకు మామ మాత్రం కూర్చున్న చోటు నుంచే సాయం చేశాడు. "స్ప్రింగు పోయిందట! గంట స్ప్రింగు పోయిందట!" అని ఊరికి చాటాడు. ఇంటింటికీ వినిపించే ఉంటుంది.

సారు గడియారం చూశాడు. పది గంటల ఇరవై నిమిషాలు. అవతలి ఊళ్ళో ఇంకా తొమ్మిది మంది ఆయన కోసం చూస్తుంటారు. సంచి మూతి కట్టడం మొదలుపెట్టాడు. ఒక ముడి వేశాడు. మళ్ళీ విప్పాడు. ఊరి వైపు చూశాడు. ఒక్క కేకతో అయిపోయే పనికి ఆ మనిషి ఎందుకంత అవస్థ పడుతున్నాడో నాకు అర్థం కాలేదు. నేను కూడా అన్నాను, "మామతోటి పిలిపియ్యరాదు సారూ" అని. ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. అలసట ఉంది.

అప్పుడు మా అమ్మ వచ్చింది. తల మీద గంప, చేతిలో కొడవలి, గడ్డికి పోతున్న నడక. దగ్గరికి రాకముందే కేకలు మొదలుపెట్టింది.

"ఓ పిల్లా! ఇంట్ల ఆముదాలు గుట్టవడి ఉన్నయ్, నువ్వీడ కూసొని ఆడుతున్నవా? సార్లతోటి నీకేం పనే?"

అరుస్తూనే పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసు ఒకటి తీసి మోరీ గోడ మీద పెట్టింది. అరుస్తూనే ముందుకు వెళ్ళిపోయింది. సారు వైపు చూడలేదు. మామ వైపు చూసి, "నీ జీవాలు నువ్వు కాసుకోక మోరీకి కావలున్నవా అన్నా?" అని ఒక మాట కూడా వేసింది. కొంతదూరం వెళ్ళి కానుగ చెట్టు వెనక గడ్డి కోయడానికి వంగింది. అక్కడ కోయడానికి గడ్డి లేదు.

అమ్మ పిన్నీసులు ఎవరికీ ఇచ్చేది కాదు. కాలిలో ముల్లు దిగినప్పుడు తప్ప తీసేది కాదు. సారు ఆ పిన్నీసును అరచేతిలోకి తీసుకున్నాడు. తర్వాత సంచిలోంచి పటకారు తీసి, పిన్నీసు తల విరిచి, అడుగున ఉండే చుట్టు మాత్రం మిగిల్చి, ఒక కాలు మీట రంధ్రంలోకి, ఇంకో కాలు నడిమి గుబ్బకు వంచాడు. కోడి ఈకతో సన్నటి నూనె ఒక్క చుక్క తాకించాడు. నన్ను గిన్నె బిగించమన్నాడు. ఆరు చుట్లు తిరిగి బిగుసుకుంది. మీట నొక్కితే వెనక్కి వచ్చింది. నేను గట్టిగా నొక్కబోతుంటే వేలు అడ్డం పెట్టాడు.

"మామా, నీ మేకలు కందిచేన్ల వడ్డట్టున్నయి సూడు" అన్నాడు.

మామ లేచి ఉరికాడు. ఆయన గొంతు ఆయనకన్నా ముందు కంది చేను చేరింది. సారు లేచి నిలబడ్డాడు. బాటకు అటు చూశాడు, ఇటు చూశాడు. "ఇగ కొట్టు. మూడంటె మూడే" అన్నాడు.

కొట్టాను. గొంతు కొంచెం మారింది, సన్నబడింది. గర్రు మాత్రం అలాగే ఉంది.

నేను ఇంకా మురిసిపోతూనే ఉన్నాను, సారు నన్ను ఇంటికి పంపేలోపే ఎండు వాగు వైపు నుంచి ఒకరు వచ్చారు. అంత ఆలస్యమయ్యాక పదేళ్ళ పిల్లను ఎవరూ లెక్కచేయలేదు. చేతిలో తాడు ఉంది. సారు పొట్లం ఇచ్చాడు, పెన్సిలుతో పుస్తకంలో ఒక గీత గీశాడు, వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంకొకరు పేడ గంపతో. ఇంకొకరు ఉత్త చేతులతో, పరుగులాంటి నడకతో. అంతసేపూ చెట్ల చాటున, గట్ల చాటున ఆ చప్పుడు కోసమే నిలబడి ఉన్నారని అప్పుడు తెలిసింది. నా అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఆరుగురు. ఏడో మనిషి కానుగ చెట్టు వెనక నుంచి లేచి వచ్చింది. ఎడమ చెయ్యి చాచింది. మోచేతి దగ్గర ఆ మచ్చ.

పశువుల కొట్టం, వేరే ముంత, రెండుసార్లు నేను ఉరికిన ఉరుకు, అన్నీ ఒక్కసారే నా గొంతులోకి వచ్చాయి. "అమ్మా! నీకు..." అని అరవబోయాను. నోరు తెరిచాను, మొదటి ముక్క బయటికి వచ్చింది కూడా. అంతే, సారు బొటనవేలు మీట మీద పడింది. ట్రింగు ట్రింగు ట్రింగు ట్రింగు. ఆపకుండా కొట్టాడు. నా కేక అందులో మునిగిపోయింది. నా గొంతు నాకే వినిపించలేదు. నేను నోరు మూసేదాకా ఆయన వేలు ఆగలేదు. అమ్మ పొట్లం కొంగులో ముడేసుకుని, గంప ఎత్తుకుని కల్లం బాట పట్టింది. వెనక్కి తిరగలేదు.

కంది చేనులోంచి మైకు మామ గొంతు వచ్చింది. "మోగిందా సారూ?"

"మోగింది మామా! ఇప్పుడు ఆపుదమంటె ఆగుత లేదు!" అన్నాడు సారు.

ఆ తర్వాత వంగి, పనిముట్లు సర్దుకుంటూ, నా మొహం చూడకుండా మాట్లాడాడు. "గోళీలు తింటె తగ్గుతది. మీ ఇంట్ల ఎవ్వరికి రాదు, ఫికర్ చెయ్యకు" అన్నాడు. సంచి భుజానికి వేసుకున్నాక ఒక మాట అన్నాడు. "లెక్క మంచిగొస్తది నీకు. ఎంతమందో లెక్కవెట్టు బిడ్డా. ఎవరెవరో లెక్కవెట్టకు."

సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. పదీ నలభై అయిందని చెప్పాడు. పదకొండుకు అవతలి ఊరు చేరాడో లేదో నాకు తెలియదు.

ఆ సాయంత్రం అమ్మ కల్లం నుంచి వచ్చింది. ఆలస్యంగా వెళ్ళినందుకు నాలుగు మాటలు పడ్డా పని దొరికిందని అవ్వకు చెబుతోంది. నేను వెళ్ళి ఆమె ముంతలో నీళ్ళు తాగాను. దాహమై కాదు. అమ్మ చూసింది. చూసి, కాయలు వలవడానికి కూర్చుంది. మేమిద్దరం ఆ సంగతి జన్మలో ఎన్నడూ మాట్లాడుకోలేదు. తర్వాత నాలుగేళ్ళ రెండు నెలలు అమ్మ ఒక్క గురువారం తప్పకుండా గోళీలు తెచ్చుకుంది. మచ్చ పోలేదు, రోగం పోయింది. పశువుల కొట్టంలో ఉన్నామెకు ఎదురుపడినప్పుడు నేను మళ్ళీ ఉరకలేదు. నేను చేసింది అంతే, అంతకంటే చేశానని రాయను. మరుసటి ఏడు మోరీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఏడుగురు కాస్తా ఎనిమిది మంది అయ్యారు. ఎనిమిదో మనిషి ఎవరో నాకు తెలుసు. ఇక్కడ చెప్పను.

పెద్దయ్యాక లెక్కల పంతులమ్మనయ్యాను. నకిరేకల్‌లో, నార్కట్‌పల్లిలో, ఇంకా నాలుగు ఊళ్ళలో కలిపి ముప్పై మూడేళ్ళు. మార్కులు ఎన్నడూ పైకి చదవలేదు. చిన్న చీటీ మీద రాసి, మడిచి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టేదాన్ని. ఆరుగురు తప్పారు అని తరగతికి చెప్పేదాన్ని, ఆ ఆరుగురు ఎవరో చెప్పేదాన్ని కాదు. "పేర్లు సదివితె సిగ్గుతోనన్న సదువుతరు మేడమ్" అని ఒక హెడ్మాస్టరు నాతో రెండేళ్ళు పోట్లాడాడు. సిగ్గుతో ఎవరు ఎంత దూరం వెళ్తారో నేను చూశాను. ఆయన చూడలేదు.

ఉద్యోగం అయిపోయి నల్లగొండలో ఉంటున్నాను. తెలంగాణ వచ్చాక మా గల్లీకి కొత్త బోర్డు వచ్చింది, సిమెంటు రోడ్డు వచ్చింది. పోయిన చలికాలం దవాఖాన నుంచి ఒక పిల్ల ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది. ఫోనులో ఏదో నింపుతోంది. గల్లీలో చాలా రోజులుగా దగ్గుతున్న వాళ్ళు ఎవరైనా ఉన్నారా, టీబీ పరీక్షకు రమ్మంటే ఎవరూ తలుపు తీయడం లేదు అంది. "నువ్వు ఈడ శానేండ్ల సంది ఉన్నవట గద అమ్మమ్మా. నీకు అందరు ఎరుకేనట. జర చెప్పు."

"ముగ్గురు" అన్నాను.

"ఎవరెవరు?"

"ముగ్గురు" అన్నాను మళ్ళీ. "రేపు నాలుగు గంటలకు మా వరండాల వచ్చి కూసో. నీ సంచి కనబడకుండ పెట్టు."

ఆ సాయంత్రం పెరట్లో కోసిన కరివేపాకు పట్టుకుని మూడు ఇళ్ళకు వెళ్ళాను. మూడు చోట్లా ఒకటే మాట చెప్పాను. రేపు నాలుగింటికి చాయ్‌కి రమ్మన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. మర్నాడు నాలుగు కప్పులు కడిగి బల్ల మీద పెట్టాను. మూడు వాళ్ళకు, ఒకటి ఆ పిల్లకు. నాకు చాయ్ పడదు. నాలుగూ పది దాకా ఎవరూ రాలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత నా మోకాలు ఆడటం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఫోను చూసుకుంటూ, వీధి చూసుకుంటూ ఉంది. నాలుగూ పదిహేనుకు ఒకరు వచ్చారు. కాసేపటికి ఇంకొకరు, ఆ వెనకే మూడో మనిషి. నేను చాయ్ వంచుతున్నాను. గేటు మళ్ళీ చప్పుడైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా లెక్కలో లేని మనిషి ఒకరు, రావచ్చా వద్దా అన్నట్టు మెట్టు మీద నిలబడ్డారు.

లోపలికి వెళ్ళి ఇంకో కప్పు తెచ్చాను.